దారిమూట

ఆ రోజు ఇంట్లో ఆరుగురున్నారు. పొయ్యి పక్కన గోడకు ఆనుకుని ఆయి సోములమ్మ. ఆ ఇంట్లో మాట్లాడే కొండ ఒడియాలో అమ్మమ్మని ఆయి అంటారు. గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని మేనమామ భీముడు. ఇంటికున్న ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎక్కడ విరుగుతుందోనని అంచు మీద కూర్చున్న దొరసాని. ఆమెది ఇటలీ దేశంలో మిలాన్ అనే ఊరు, పేరు పావోలా. ఆమె పక్కన పీట మీద జాయ్. దూలం తగలకుండా మెడ వంచుకుని నిలబడ్డ జాయ్ వాళ్ళ నాన్న ఎలీయేజరు గారు. ఆయన కాఫీ కంపెనీలో ఫీల్డాఫీసరు. ఆరో మనిషి స్వర్ణ. ఎక్కడైనా కాస్త దాక్కునే చోటుంటే బాగుండునని అనుకుంటున్నది ఆ ఆరుగురిలో ఆమె ఒక్కతే.

లెక్కలోకి రాని ఏడో మనిషి స్వర్ణ అమ్మ కృపావతి. ఆమె మస్కట్‌లో ఉంది. అయినా పొద్దున లేచిన దగ్గర్నించి ఆ ఇంట్లో ఆమె మాట తప్ప ఇంకో మాట లేదు.

దొరసాని వస్తున్న సంగతి సంతలో తెలిసింది. తను కొనే కాఫీ ఎవరింట్లో పండుతోందో చూడాలని ఆవిడ ముచ్చట పడుతోందట. మొదట భీముడి ఇంటికే తీసుకొస్తానని ఎలీయేజరు గారు కబురు పెట్టారు. "మీ మేనకోడలు ఇంగ్లీషులో ఫస్టని మా జాయ్ చెప్పింది. ఆ అమ్మాయినే మాట్లాడమను" అని కూడా అన్నారు. స్వర్ణ అరకు హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. జాయ్‌దీ అదే క్లాసు. క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చింది. ఇంగ్లీషు కాగితం మీద బాగానే వస్తుంది గానీ, నోట్లోంచి రావాలంటే ఆ పిల్లకి తెలుగు మాటే పెగలదు. ఆ కబురు విన్నప్పటినుంచి ఆమెకి అన్నం సయించలేదు.

ఆయికి మాత్రం ఆ కబురు వేరేగా వినిపించింది. విదేశం నుంచి మనిషి వస్తోంది, మళ్ళీ విదేశం వెళ్తుంది. అంటే దారిమూట ఇవ్వొచ్చు.

ఆ కొండల్లో ఎవరు దిగువకి వెళ్తున్నా దారిలో ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆగి, "ఎల్తన్నాం, ఏటైనా ఉందా?" అని కేకేస్తారు. ఉన్నవాళ్ళు మూట తెచ్చి చేతికిస్తారు. హాస్టల్లో ఉన్న కొడుక్కి చోడిపిండి, అంటే రాగిపిండి కావచ్చు, పురిటికెళ్ళిన కూతురికి పసుపుకొమ్ములు కావచ్చు. తీసుకెళ్ళేవాళ్ళు అందులో ఏముందని అడగరు, బరువని వద్దనరు. దారిలో అన్నం లేక మాడిపోయినా దాన్ని విప్పరు. దారిమూట విప్పినవాడా అన్నది ఆ కొండల్లో తిట్టు. ఆ తిట్టు తిన్నవాడు చెయ్యి చేసుకోకుండా ఊరుకోడు.

"ఆయీ, ఇటలీ ఎక్కడ, మస్కట్ ఎక్కడ!" అంది స్వర్ణ ఆ పొద్దున్నే.

"ఇమానంలోనే కదా ఎల్తాది?"

"విమానంలోనే."

"మీ అమ్మా ఇమానంలోనే ఎల్లింది."

"అన్ని విమానాలూ ఒకే ఊరికి వెళ్ళవు ఆయీ."

"అన్ని జీపులూ ఒకే ఊరికెల్లవు. అయినా దిగువకెల్లే జీపులన్నీ గెడ్డ కాడ ఆగాలా వద్దా? అలాగే ఇదీని. నువ్వు బేగొచ్చి ఇలాగ గోడకి నిలబడు."

దర్వాజా పక్కన స్వర్ణని నిలబెట్టి, మడమ దగ్గర్నించి నడినెత్తి దాకా నూలు దారంతో కొలిచింది ఆయి. అంతకు ముందే ఇంకో దారం దూలం సందులోంచి తీసి పెట్టుకుంది. అది కృపావతి జీపెక్కిన రోజున స్వర్ణని కొలిచిన దారం. అప్పుడు స్వర్ణ ఆరో తరగతి. పాత దారానికి కొత్తది పక్కన పెట్టి, పాతది ఆగిన చోట కొత్తదానికి ముడేసి, పళ్ళతో తెంపి, పసుపు రాసింది. ముడి దాకా అమ్మ చూసిన స్వర్ణ. ముడి తర్వాతది అమ్మ చూడని స్వర్ణ. ఆ దారాన్ని ఉండ చుట్టి, వేయించిన చోడిపిండి, వలిసె నూనెగింజల పొడి, పాత చింతపండు పెట్టి అడ్డాకుల్లో కట్టి, పైన కృపావతి పాత చీర కొంగు చింపి మూట బిగించింది.

ప్రతి శుక్రవారం కృపావతి ఫోన్ చేస్తుంది. సిగ్నల్ కోసం ఇంటి వెనక బండ ఎక్కాలి. మాట వస్తుంది గానీ మనిషి కనబడదు. వీడియో పెడితే మొహం ముక్కలు ముక్కలై ఆగిపోతుంది. "బాగున్నావా అంటే బాగున్నాననే అంటాది. గొంతుకేటి, ఏటైనా అంటాది. ఒకల కళ్ళతో సూత్తే కదా తెలిసేది" అని ఆయి ప్రతి శుక్రవారం బండ దిగుతూ అంటుంది. ఇప్పుడు చూసే కళ్ళు ఇంటికే వచ్చాయి.

స్వర్ణ భయం మాత్రం మూట గురించి కాదు, పీట మీద కూర్చున్న జాయ్ గురించి.

ఎనిమిదో తరగతిలో, స్కూలు తెరిచిన మొదటి రోజుల్లో, జాయ్ అన్నం తింటూ అడిగింది: "మీ మమ్మీ ఏం చేస్తారు?" మస్కట్‌లో ఉందని స్వర్ణ చెప్పింది. "వావ్, నర్సా?" అంది జాయ్. స్వర్ణ అన్నం నోట్లో పెట్టుకుని తలూపింది. అంతే జరిగింది. ఒక్క మాటైనా ఆడలేదు, తల ఊపిందంతే. సాయంత్రానికల్లా హాస్టలంతా ఆమె నర్సమ్మ గారి అమ్మాయి అయిపోయింది. ఒక టీచరైతే, "నువ్వు కూడా మీ అమ్మలాగే నర్సింగ్ చదవాలి" అని దీవించింది కూడా. ఆ రోజు స్వర్ణ బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, మొహం మీద నీళ్ళు కొట్టుకుంది. నిజం ఏ రోజు చెబుదామన్నా ఆ రోజు నిన్నటికంటే కష్టంగా ఉండేది.

"ఏమ్మా స్వర్ణా, మీ మామ్మగారు ఏమంటే అది మేడమ్‌కి చెప్పు. మేడమ్ అడిగింది ఆవిడకి చెప్పు" అన్నారు ఎలీయేజరు గారు. "నాకు మీ కొండ మాట రాదు కదా. నేనూ మీ మామా కళ్ళంలో గింజలు చూసొస్తాం. జాయ్, నువ్వు అల్లరి చెయ్యకు."

వాళ్ళిద్దరూ వెళ్ళారు. ఆయి తీరిగ్గా చుట్ట ముట్టించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంది. పావోలా కుర్చీలోంచి సగం లేచింది.

"నోరు కాలదా?" అని అడిగింది ఇంగ్లీషులో.

"ఏటంటంది?" అంది ఆయి, చుట్ట తియ్యకుండానే.

"నోరు కాలదా అంటోంది."

"దానికీ ఒకటియ్యి. కాల్తాదో లేదో తనే సూసుకుంటది." ఆయి పొగ ముక్కుల్లోంచి వదిలి నవ్వింది.

"ఏమన్నారే మీ మామ్మ?" అంది జాయ్, తనూ నవ్వడానికి సిద్ధంగా.

"ఏం లేదు. అలవాటంది." పావోలాకి కూడా అంతే చెప్పింది స్వర్ణ.

అలా మొదలైంది. ఆయి పది మాటలంటే స్వర్ణ రెండు చెప్పింది. ఎలుగుబంటి వచ్చి కాఫీ తోటలో పనసపళ్ళు తినేసిన కథ ఆయి చేతులూ కాళ్ళూ ఆడించి చెబితే, స్వర్ణ "ఇక్కడ జంతువులు ఉన్నాయి" అంది. పావోలా ఓపిగ్గా తలూపింది. ఆవిడ మొహం చల్లగా ఉంది. ముక్కు మీద ఎండకి ఎర్రగా కమిలిన మచ్చ. ఆయి వైపు చూసేటప్పుడు మాట అర్థం కాకపోయినా అర్థమైనట్టే చూస్తోంది. ఆ చూపు చూసే కాబోలు, ఆయి చుట్ట పక్కన పెట్టి, గూట్లోంచి మూట తీసి, రెండు చేతులతో పట్టుకుని ఆవిడ ముందు గొంతుక్కూర్చుంది.

"సెప్పు గుంటా. సరిగ్గా సెప్పు. నా కూతురు మస్కట్‌లో ఉంది. ఒకలింట్లో వండిపెడతాది, ఆల్ల ఇల్లు తుడుత్తాది, ఆల్ల ముసిలమ్మకి కాళ్ళు కడుగుతాది. నువ్వెల్లే దార్లో ఆ ఇంటికాడ ఆగి, ఈ మూట దాని సేతికియ్యి. ఇచ్చినాక దాన్ని ఓపాలి నిలబెట్టి సూడు. సిక్కిందో లేదో సూసి, మా ఎలీజరు బాబుకి ఫోన్ సెయ్యి. అంతే. ఇంకేటీ అడగను."

ఇది చెబితే ఏమవుతుందో స్వర్ణకి కళ్ళకు కట్టింది. దొరసాని నవ్వుతుంది. అమ్మా, భూమి అంత చిన్నది కాదని జాలిగా చెబుతుంది. ఇటలీ నుంచి వచ్చిన మనిషి మస్కట్‌లో ఒక వంటింటి ముందు ఆగాలట అని జాయ్ స్కూల్లో చెబుతుంది. అక్కడితో ఆగదు. వంటిల్లేమిటే, హాస్పిటల్ కదా అంటుంది. జాయ్ నల్ల బూట్లు, తెల్ల మేజోళ్ళు వేసుకుని పీట మీద మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుని, ఇంగ్లీషు మాట కోసం ఎదురుచూస్తోంది.

"ఏమంటున్నారు మీ అమ్మమ్మ?" అంది పావోలా.

"ఇది బహుమతి మేడమ్" అంది స్వర్ణ ఇంగ్లీషులో. "మీకు."

పావోలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుర్చీలోంచి దిగి తనూ నేల మీద గొంతుక్కూర్చుంది. మూట అందుకుని గుండెలకి హత్తుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సూసినావా" అంది ఆయి, తన కళ్ళు కూడా కొంగుతో ఒత్తుకుంటూ. "గుండికి అత్తుకుంది. తల్లి ఉన్న మనిషి. ఇప్పదు."

స్వర్ణ ఆ మాట చెప్పలేదు. ఏముందని చెప్పడానికి?

"మరి ఆ ఊరికీ ఈ ఊరికీ ఎన్ని సుట్టల దూరమో అడుగు" అంది ఆయి. వాళ్ళ ఊళ్ళో దూరాన్ని నడకలో కాలే చుట్టలతో కొలుస్తారు: సంత రెండు చుట్టల దూరం, ఆసుపత్రి ఐదు చుట్టల దూరం. "ఇమానంలో సుట్ట కాల్చనియ్యరని మీ అమ్మ సెప్పింది. అయినా అడుగు."

ఇది అడగొచ్చు. ఇందులో సిగ్గు పడాల్సిందేమీ లేదు. పైగా జనరల్ నాలెడ్జి పుస్తకంలో చదివిన మాట ఒకటి ఉంది. స్వర్ణ ఆ రోజు మొదటిసారి గొంతు కాస్త పెంచింది: "మేడమ్, విశాఖపట్నం నుంచి మిలాన్‌కి ఫ్లైట్ డిస్టెన్స్ ఎంత?"

"అబ్బో" అంది జాయ్.

పావోలాకి ఆ ప్రశ్న నచ్చింది. మూట ఒళ్ళో పెట్టుకుని ఫోన్ తీసింది. నెట్ లేకపోయినా ఆవిడ ఫోన్లో మ్యాపు కదిలింది. విశాఖపట్నం దగ్గర వేలు పెట్టి, మిలాన్ దగ్గర ఇంకో వేలు పెడితే, మధ్యలో విల్లులా వంగిన నీలం గీత ఒకటి పడింది. ఏడు వేల నాలుగు వందల కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా.

"కానీ ఇది పక్షి దారి" అని ఆవిడ నిదానంగా, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఇస్తూ చెప్పింది. "నేను ఇలా నేరుగా వెళ్ళను. హైదరాబాదు వెళ్ళి, అక్కడ్నించి ఇదిగో, ఇక్కడికి." గీత కిందికి వేలు జరిపి ఒక చోట ఆపింది. గీతకీ ఆ చుక్కకీ మధ్య గోరంతే ఎడం. "ఇక్కడ నా స్నేహితురాలు ఉంది. రెండు రోజులు ఆగుతాను. మస్కట్."

స్వర్ణ ఆ చుక్క వైపే చూస్తూ ఉండిపోయింది. క్లాసులో గోడ మీద ప్రపంచపటం ఉంది. రోజూ దాని కిందనే కూర్చుంటుంది. ఒక్కనాడైనా లేచి చూడలేదు. ఎవరైనా "ఏం చూస్తున్నావ్?" అంటారని చూడలేదు.

"మస్కట్టా!" జాయ్ పీట మీంచి ఎగిరి లేచింది. "ఏయ్ స్వర్ణా, మీ మమ్మీ ఉన్నది అక్కడే కదే! మేడమ్, వీళ్ళ మదర్ మస్కట్‌లో నర్సు!"

"నిజమా?" పావోలా మొహం వెలిగిపోయింది. "ఏ హాస్పిటల్? నేను వెళ్ళి కలుస్తాను. నీ ఫోటో తీసుకెళ్ళి చూపిస్తాను. నంబరు ఇవ్వు."

ఆయికి ఇంగ్లీషు రాదు గానీ, మస్కట్ అన్న మాట ఏ భాషలో అన్నా ఆవిడ చెవి నుంచి తప్పించుకోదు. "మస్కట్ అంటన్నారు! ఇత్తాదంటనా? సూత్తాదంటనా?" అని స్వర్ణ చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి చింతపండు, పసుపు వాసన.

మూడు మొహాలు స్వర్ణ వైపు తిరిగి ఉన్నాయి. ఒక్క మాటతో అన్నీ సరైపోతాయి. మేడమ్, ఆ మూట మీకు కాదు, మా అమ్మకి. ఇంతే. ఈ ఇంగ్లీషు ఆమెకి వచ్చు. ఏడో తరగతి ఇంగ్లీషు అది. కానీ ఆ మాట వెనక ఇంకో మాట రావాలి. ఏ హాస్పిటల్ అన్నదానికి జవాబు రావాలి. జాయ్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూస్తోంది.

"మా అమ్మ ఇప్పుడు మస్కట్‌లో లేదు మేడమ్" అంది స్వర్ణ. "వేరే ఊరు మార్చారు."

"ఎంత దూరం?"

"చాలా దూరం."

"అయ్యో" అంది పావోలా. నిజంగానే బాధపడింది.

స్వర్ణ ఆయి వైపు తిరిగింది. నోరు తనంతట తనే ఆడింది. "ఇస్తానంది ఆయీ. చూసి చెబుతానంది."

"నాను సెప్పనేదా? దారే అది!" ఆయి రెండు చేతులూ పావోలా చెంపల మీద పెట్టి, మెటికలు విరిచి దిష్టి తీసింది. పావోలా ఆ చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకుంది. జాయ్ ఫోటో తీసింది. ఆ ఫోటోలో స్వర్ణ కూడా ఉంది, పొయ్యి వైపు మొహం తిప్పుకుని.

జీపు బయల్దేరింది. నడిపేది పక్క ఊరి రవిబాబు. ముందు సీట్లో పావోలా, ఒళ్ళో మూట. అందరూ చెయ్యి ఊపారు.

వాళ్ళ ఊరి నుంచి ఘాట్ రోడ్డు వలిసె చేల చుట్టూ తిరిగి తిరిగి గెడ్డ దగ్గరికి, వాగు ఒడ్డుకి, దిగుతుంది. నడిచేవాళ్ళకి అడ్డదారి ఉంది, కాఫీ తోటల మధ్యనుంచి నిటారుగా కిందికి. జీపు ఐదు మలుపులు తిరిగి కల్వర్టు చేరేలోపు స్వర్ణ పరుగెత్తి అక్కడ నిలబడగలదు. చిన్నప్పుడు మామకి మర్చిపోయిన గొడుగు అలాగే అందించేది. ఆమె పరుగెత్తింది కూడా. మిరియం తీగలు మొహానికి తగులుతున్నా ఆగలేదు. సగం దిగాక రాతి అంచు మీదనుంచి చూస్తే జీపు ఇంకా పైమలుపులోనే ఉంది. వెనక సీట్లో జాయ్ కిటికీలోంచి చున్నీ గాలికి వదిలి నవ్వుతోంది. ఆ నవ్వు ఇక్కడిదాకా వినబడింది.

స్వర్ణ కాళ్ళు ఆగిపోయాయి. జీపు ఆమె కళ్ళ ముందే కిందికి దిగి, కల్వర్టు దాటి, చెట్ల చాటుకి వెళ్ళిపోయింది. దుమ్ము అణిగాక ఆమె ఇంటికి ఎక్కింది. ఎక్కేటప్పుడు పట్టిన ఆయాసం దిగేటప్పుడు పట్టలేదు.

"ఎక్కడికెల్లిపోనావు?" అంది ఆయి.

"కర్రలకి."

చేతిలో ఒక్క పుల్ల లేదు. ఆయి అది చూడలేదు. ఆ సంతోషంలో ఆవిడ ఏమీ చూసే స్థితిలో లేదు.

మర్నాడూ ఆ మర్నాడూ ఊళ్ళో ఇదే కథ. ఎవరు కనబడినా ఆయి ఆపి చెప్పేది. "మా కిరపావతికి దారిమూట ఎల్లింది. ఎవుల సేతనో తెలుసునా? దొరసాని సేత! మా గుంట ఇంగ్లీసులో సెప్పింది. గడగడా సెప్పేసింది." వాళ్ళు స్వర్ణ వైపు మెచ్చుకోలుగా చూసేవారు. ఒక ముసలాయన, "మన పిల్ల సదువు మనకి పనికొచ్చింది" అన్నాడు. స్వర్ణ తల దించుకుని నీళ్ళకి పోయేది. సిగ్గరి పిల్ల, పొగిడితే నిలబడలేదు అనుకున్నారు వాళ్ళు. రోజుకి ఎన్నిసార్లు నీళ్ళు తెచ్చిందో, కుండలన్నీ నిండిపోయి ఇంక పొయ్యడానికి గిన్నె లేదు.

శుక్రవారం వస్తోంది. అమ్మ ఫోన్ చేస్తుంది. ఆయి మొట్టమొదట అడిగేది, "అందిందా?" అని. అప్పుడు ఏం చెయ్యాలి? సిగ్నల్ పోయిందని ఫోన్ ఆపేస్తే? అమ్మకి ముందే మెసేజ్ పెట్టి, అందిందని చెప్పమంటే? ఈ రెండో ఆలోచన వచ్చినప్పుడు స్వర్ణకి తన మీద తనకే అసహ్యమేసింది. అమ్మ చేత కూడా అబద్ధం ఆడించడమా.

గురువారం పొద్దు తిరిగాక రవిబాబు జీపు వచ్చి కళ్ళం దగ్గర ఆగింది. ఆయి గుమ్మం ముందు చాపలో చోళ్ళు చెరుగుతోంది. స్వర్ణ పక్కన కూర్చుని రాళ్ళేరుతోంది.

"అత్తోయ్, నీకో సామానుంది!" రవిబాబు ఒక చాక్లెట్ డబ్బా తెచ్చి చాప మీద పెట్టాడు. "దొరసాని ఇమ్మంది. గుంటకంట. నిన్న ఇశాపట్నంలో ఇమానం ఎక్కించొచ్చీసినాను."

"ఎక్కీసిందా? అయితే మా కిరపావతికి ఈపాటికి..." ఆయి లెక్క కట్టబోయి ఆగింది. "మూట బద్రంగా పట్టుకెల్లిందా?"

"మూటా? ఓలమ్మ, ఆ మూట కాదు గానీ అత్తా, నీ సేతి సోడిపిండి తిని దొరసాని ఉర్రూతలూగిపోయింది. అనంతగిరి దాటేలోపే ఇప్పీసింది. నాకో పిడికెడు, ఎలీజరు బాబుకో పిడికెడు. వలిసెల పొడి నాలిక్కి రాసుకుని అమ్మా అమ్మా అంది. అందులో పసుపు దారం ఉంది సూడు, దాన్ని సేతికి నాలుగు సుట్లు సుట్టుకుని, ముడి పైకొచ్చినట్టు కట్టుకుంది. నీ దీవెనంట. ఇంక ఇప్పదంట."

ఆయి చేతిలో చేట ఆగింది.

"దారిమూట ఇప్పిందా?"

"దారిమూటేటి, బౌమతి కదా?" రవిబాబు నవ్వుతూనే ఉన్నాడు. "దానికే ఇచ్చినావని ఎలీజరు బాబు సెప్పినాడు. నానైతే అనుకున్నాను, అత్త ఏటి ఇలగ సేసింది, ఆ దొరసాని మస్కట్‌లో రెండ్రోజులుంటదంట కదా, మన కిరపావతికి ఏటైనా అంపొచ్చు కదా అని. అడిగితే జాయమ్మ సెప్పింది, స్వర్ణ వాళ్ళమ్మ ఇప్పుడు మస్కట్‌లో లేదంట, ఆస్పత్రి మార్చీసినారంట, నర్సంట." అతను స్వర్ణ వైపు తిరిగి కన్ను గీటాడు. "మీ అమ్మ నర్సెప్పుడైందే గుంటా? నాను నోరెత్తలేదులే. సదువుకునేకాడ సవాలచ్చ సెప్పుకుంటారు."

అతను మంచివాడు. సరదాకన్నాడు. నీళ్ళు తాగి, కళ్ళంలో భీముడికి ఏదో చెప్పి, హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ హారన్ మలుపు మలుపుకీ వినబడి, చిన్నదై, ఆగిపోయింది.

చాప మీద ఆయి, స్వర్ణ, మధ్యలో బంగారు రంగు కాగితం చుట్టిన డబ్బా.

"ఇంటికొచ్చిన మనిసికి మనమే సెప్పలేదన్న మాట" అంది ఆయి. గొంతులో కోపం లేదు. తనకి అర్థమైనది సరిగ్గానే అర్థమైందా అని చూసుకుంటున్నట్టు ఉంది. "అది ఇత్తానన్నాదన్నావు."

"ఆయీ, జాయ్ ఉంది అక్కడ..."

"జాయెవులు?"

జాయ్ ఎవరు? తెల్ల మేజోళ్ళు వేసుకున్న పిల్ల. పక్క బెంచీలో కూర్చుంటుంది. ఒకసారి తన టిఫిన్ డబ్బాలో కోడిగుడ్డు సగం చేసి ఇచ్చింది. అంతకు మించి ఎవరూ కాదు.

"మీ అమ్మ ఇల్లు తుడుత్తాదని సెప్పడానికి నీకు నోరు రానేదు" అంది ఆయి. అడగడం కాదది. "ఆ తుడిసిన సేతుల్తోనే నీకు పుస్తకాలొచ్చాయి. సరే. నువ్వు సదువుకున్నదానివి. నీకు సిగ్గేసింది. నాకు తెలిత్తే నాను వేరే మాట సెప్పేదాన్ని. నర్సనే సెప్పేదాన్ని. నాకేటి పోయింది? మూట ఎల్తే సాలు నాకు."

ఈ మాటకి స్వర్ణకి ఏడుపొచ్చింది. తిడితే రానిది ఇప్పుడొచ్చింది. "మస్కట్‌లో ఇంకా ఉంటుంది ఆయీ, రేపు కూడా ఉంటుంది. ఎలీయేజరు గారికి ఫోన్ చేద్దాం. దారమైనా ఇమ్మందాం. నేనే చెబుతాను. జాయ్ వింటున్నా సరే చెబుతాను."

ఆయి లేచి నిలబడి కోక దులుపుకుంది. చెరిగిన చోళ్ళు చేటలోకి ఎత్తింది, ఒక్క గింజ కింద పడకుండా. చాక్లెట్ డబ్బా ముట్టుకోలేదు.

"రేపు సుక్కురారం" అంది. "బండ మీదకి నాను ఎక్కను. నువ్వే ఎక్కి, నువ్వే సెప్పు మీ అమ్మకి. అది అందిందా అని నాను అడగను."

"ఆయీ..."

"దారిమూట ఇప్పింది దొరసాని కాదు" అంది ఆయి.

ఆ మాట కొండల్లో ఎవరి మీద వాడతారో, విన్నవాళ్ళు ఏం చేస్తారో స్వర్ణకి తెలుసు. ఆమె ఏమీ చెయ్యలేదు. ఏరిన రాళ్ళు గుప్పిట్లో పట్టుకుని ఆయి వెనకే గుమ్మం దాకా వెళ్ళింది. పట్టపగలు ఆ ఇంటి తలుపు ఎప్పుడూ వేసి ఉండదు. కోళ్ళు లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంటాయి. అమ్మ వెళ్ళిన రోజున కూడా తెరిచే ఉంది. ఆయి చేట లోపల దించింది. వెనక్కి తిరిగి, స్వర్ణని మడమల దగ్గర్నించి నడినెత్తి దాకా ఒకసారి చూసింది, దారంతో కొలిచిన రోజున చూసినట్టే. ఆ తర్వాత తలుపు మూసి, లోపల్నుంచి గొళ్ళెం పెట్టుకుంది.